రెండో మగ్గం ఎవరి పేరు మీద

కార్డు నిన్న సాయంత్రం నుంచి కిటికీ గట్టు మీదనే ఉంది. ఎవరూ తీయలేదు.

పోస్టులో వచ్చిన కార్డు. బ్యాంకు కార్డంత ఉంటుంది. దాని మీద ప్రమోద్ ఫొటో, పేరు, పుట్టిన తేదీ, మగ్గం నంబరు. వృత్తి అన్న చోట చేనేత కార్మికుడు అని ఉంది. ఎప్పటి నుంచి అన్న చోట ఏడేళ్ళ కిందటి సంవత్సరం ఉంది.

ఆ ఏడేళ్ళూ ప్రమోద్ హైదరాబాదులో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేరు పరీక్షించే పని చేశాడు. మగ్గం మీద ఒక్క చీర నేసింది లేదు.

"ఇంక నాలుగు రోజులే," అంది అతని భార్య ఉష. డ్యూటీ దిగి పొద్దుటి బస్సుకు వచ్చింది. ఎల్బీనగర్ దవాఖానలో నర్సు. చెప్పులు విడవకముందే ఆ మాట అంది.

"నాకు లెక్క వస్తది," అన్నాడు ప్రమోద్. ఇవాళ ఇంటి నుంచే పని. ల్యాప్‌టాప్ తెరిచి ఉంది గాని అతను దాని ముందు లేడు. తలుపు దాకా పోయి వస్తున్నాడు, పోయి వస్తున్నాడు.

"వస్తే యాభై ఆరు రోజులు ఏం చేసినవ్?"

మగ్గం చప్పుడు ఆగింది. గుంటలో కాళ్ళు పెట్టుకొని నేస్తున్న ప్రమోద్ తల్లి సావిత్రమ్మ, అటూ ఇటూ విసిరే నాడె చేతిలోకి తీసుకొని, దానిలోని దారం కండె అయిపోయినట్టు చూసింది. కండె నిండుగానే ఉంది.

ఆస్ట్రేలియా వాళ్ళు ఉషను రమ్మని రాసి యాభై ఆరు రోజులైంది. అరవై రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. పెట్టకపోతే ఆ పిలుపు పోతుంది. ఇంట్లో అందరూ దాన్ని ఫోర్ నైన్ వన్ అంటారు. సావిత్రమ్మకు కూడా ఆ అంకె నోటికి వచ్చేసింది. పెద్ద పట్నాలకు దూరంగా ఉన్న చిన్న ఊళ్ళలో మూడేళ్ళు ఉండి పని చేయాలి. చేస్తే ఆ తర్వాత పీఆర్ అడగొచ్చు. వస్తే అక్కడే ఉండిపోవచ్చు.

ప్రమోద్ కాచుకొని ఉన్నది ఇంకొకటి. వన్ నైంటీ. దిగిన రోజే పీఆర్ చేతిలో ఉంటుంది. అతని పేరు మీద అర్జీ పడి ఉంది. పిలుపు మాత్రం రాలేదు. వచ్చే నెల పదకొండుకు అతనికి ముప్పై మూడు నిండుతాయి. నిండితే పిలుపుకు లెక్కగట్టే పాయింట్లలో ఐదు తగ్గుతాయి.

"ఈ నెల పిలుపుల రౌండు ఇంక కాలే. ఏజెంటు అమరేందర్ చెప్పిండు, ఈసారి పక్కా అని."

"పోయిన నెల గూడ పక్కానే అన్నడు."

"నీ దాంట్ల ఏడికి పోవాలె చెప్పు. గా ఊరి పేరు నాకు పలకనే వస్తలేదు. గొర్లు తప్ప ఏమున్నది ఆడ? నా పని దొరుకుతదా?"

"ముసలోళ్ళ ఆశ్రమాలున్నయి. నాకు పని దొరుకుతది."

"నాకు?"

"మూడేండ్లు ఏదో ఒకటి చెయ్యలేవా? నేను పెండ్లయినకాంచి ఎల్బీనగర్‌కు బస్సుల నిలవడి పోతలేనా?"

ప్రమోద్ మళ్ళీ తలుపు దాకా పోయాడు.

"మొగోని పేరు మీద పోతేనే మర్యాద బిడ్డా," అంది సావిత్రమ్మ గుంటలోంచి. "నీ ఎంబడి వీడు వస్తే నలుగురేమంటరు? పెండ్లాం కొంగు పట్టుకొని పోయిండంటరు."

"నలుగురు విమానం ఎక్కుతలేరు గద అత్తమ్మా."

సావిత్రమ్మకు నవ్వు వచ్చింది. కొడుకు ముఖం చూసి మింగింది. మళ్ళీ నాడె విసిరింది.

"అది తర్వాత," అంది ఉష. "ముందు గీ కార్డు సంగతి తేల్చు. నీ పేరు మీద పోయినా నా పేరు మీద పోయినా, పదేండ్ల సంది ఎవలు ఏం పని చేసిన్రో నెలలతోని సహా రాయాలె. నువ్వు కంపెనీ అని రాస్తవు. సర్కారు కాయితం మగ్గం అంటది. వాళ్ళు ఏది నమ్మాలె?"

"కార్డు సంగతి రాయకుంటే అయిపాయె. గిది ఆస్ట్రేలియాకు ఎవలు పంపుతరు?"

"దాసినట్టు తేలితే మూడేండ్లు తలుపు మూస్తరు. ఇద్దరికీ."

"తేలితే గద."

ఉష కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయింది. బిందె చప్పుడు గట్టిగా వినిపించింది.

ప్రమోద్ కార్డు తీసుకొని వాకిట్లోకి పోయాడు.

గండయ్య అక్కడ చెక్క చట్రానికి దారం బిగించుకొని కూర్చున్నాడు. గీత పెట్టిన చోటల్లా రబ్బరు పట్టీ చుట్టి ముడి వేస్తున్నాడు. రంగులో ముంచినప్పుడు ముడి కింద దారం తెల్లగా మిగులుతుంది. ముడి కొంచెం జరిగితే చీర మీద పువ్వు జరుగుతుంది. అందుకని ముడి వేసేటప్పుడు గండయ్య మాట్లాడడు. వేయనప్పుడు కూడా పెద్దగా మాట్లాడడు.

"నాయినా. నా పేరెందుకు రాపిచ్చినవ్?"

గండయ్య ఒక ముడి వేశాడు. ఇంకొకటి వేశాడు.

"నిన్నే అడుగుతున్న."

"ఏడేండ్ల కింద మగ్గాలకు నంబర్లేసిన్రు," అన్నాడు గండయ్య. "రెండో మగ్గం ఎవలు నేస్తరని అడిగిన్రు. నీ పేరు చెప్పిన."

"నేను నేస్తనా?"

"మా నాయిన గూడ గట్లనే చెప్పిండు. నాకు మీసం రాకముందే రెండో మగ్గం నా పేరు మీద పెట్టిండు."

అది ఆ ఇంట్లో రివాజు. మొదటి మగ్గం తండ్రిది, రెండోది కొడుకుది. కొడుకు దాని మీద కూర్చున్నా, కూర్చోకున్నా పేరు మాత్రం అతనిదే. ఎవరు నేస్తున్నారని గండయ్యకు ఏ రోజూ వేరుగా ఆలోచన రాలేదు. వచ్చి రాసుకున్నవాళ్ళు కూడా రెండోసారి అడగలేదు.

"ఒక్క మాట నన్ను అడుగొద్దా?"

"ఫొటోకు కూసున్నది నువ్వే గద," అన్నాడు గండయ్య.

ప్రమోద్ కార్డు మీది ఫొటో చూశాడు.

అతనికి గుర్తుకు వచ్చింది. ఆ రోజు ఆదివారం. సెలవుకు ఇంటికి వచ్చాడు. మగ్గాలు రాసుకోవడానికి వచ్చినాయన కాళ్ళు గుంటలో పెట్టమన్నాడు, పోగును దగ్గరికి కొట్టే పలక మీద చేయి వేయమన్నాడు. ప్రమోద్ నవ్వుకుంటూ కూర్చున్నాడు. పట్టుమని ఐదు నిమిషాలు కూడా కాలేదు. ఆ ఫొటో తన ఫోనులో కూడా తీయించుకొని స్నేహితులకు పంపాడు.

"నాకు యాదికి లేదు," అన్నాడు.

"నాకున్నది," అంది ఉష. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ గడప మీద నిలబడి ఉంది. "సంబంధం మాట్లాడేటప్పుడు మా ఇంటికి గా ఫొటోనే పంపిన్రు. పిలగాడు సాఫ్ట్‌వేర్ అయినా కులపని ఇడవలేదు, ఐతారం ఐతారం మగ్గమెక్కుతడు అన్నరు. మా నాయిన సంబరపడి చిట్యాల బజార్ల అందరికీ చూపిచ్చుకున్నడు."

గండయ్య తల ఎత్తలేదు. ముడి ఒకటి తప్పింది కాబోలు, విప్పి మళ్ళీ వేశాడు.

*

పది గంటలకు ప్రమోద్ అమరేందర్‌కు ఫోను చేశాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో వీసా ఫైళ్ళు చూసే ఏజెంటు అతను. ఉష వినాలని ఫోను స్పీకర్‌లో పెట్టి స్టూలు మీద పెట్టాడు.

"అన్నా, గిది అసలు ముచ్చటనే కాదు," అన్నాడు అమరేందర్. "ఊర్లల్ల సగం మందికి ఏదో ఒక కార్డుంటది. ఎవలు చూస్తరన్నా? రాయకు. కంపెనీ లెటర్లు మంచిగున్నయి, ఖతం."

"విన్నవా?" అన్నాడు ప్రమోద్ ఉషతో.

ఉష ఫోను వైపు వంగింది. "అమరేందర్ గారూ, నేను ఉషను. గిదే మాట మెయిల్ల రాసి పంపుతరా? కార్డు సంగతి రాయొద్దని మేమే చెప్పినం అని."

అటు నుంచి కుర్చీ కిర్రుమన్న చప్పుడు వచ్చింది.

"మేడం, వాయిస్ కట్ అవుతాంది," అన్నాడు అమరేందర్. "నేను మళ్ళ చేస్త."

ఫోను ఆగిపోయింది. సావిత్రమ్మ మగ్గం మీద దగ్గింది. అది దగ్గు కాదని ఉషకు తెలుసు.

"నీకు ఆటగ ఉన్నది," అన్నాడు ప్రమోద్.

"నాకు భయంగున్నది," అంది ఉష. "నా బతుకుల నాకొచ్చిన పిలుపు ఇదొక్కటే. నాలుగు రోజులైతే పోతది. మళ్ళ వస్తదో రాదో."

"నాది వస్తది."

"అవును. నీది వస్తది, నీది వస్తదనే యాభై ఆరు రోజులు పోయినయి."

ప్రమోద్ చొక్కా వేసుకున్నాడు. "జర బయటికి పోయొస్త," అని బస్టాండు దిక్కు నడిచాడు. రోజుకు నాలుగుసార్లు అట్లా పోతున్నాడు. అక్కడ ఏ పనీ లేదు.

అతను పోయాక సావిత్రమ్మ గుంటలోంచి పైకి లేచింది. మోకాళ్ళు పట్టుకొని కొంతసేపు నిలబడింది. స్టూలు మీది కార్డు తీసుకొని కిటికీ వెలుగుకు పెట్టింది. కొడుకు ఫొటోను బొటనవేలితో తుడిచింది. తర్వాత వెనక్కి తిప్పింది.

వెనుక చిన్న అక్షరాలున్నాయి. కళ్ళద్దాలు తెచ్చుకుంది. ఐదో తరగతి చదువు. కూడబలుక్కొని చదువుతుంది.

"ఉషా. గిక్కడ నా పేరున్నది. ఏం రాసిన్రు?"

ఉష చూసింది. ముందు వైపు తప్ప ఆమె కూడా నిన్న చూడలేదు.

"సహాయకురాలు, సావిత్రమ్మ, తల్లి. పని, కండెలు చుట్టుట."

"సహాయకురాలంటే?"

"సాయం చేసేటామె."

"ఎవలకు?"

ఉష కార్డు ముందు వైపుకు తిప్పింది. "ఆయనకు," అంది.

సావిత్రమ్మ కార్డు చూసింది. మగ్గం మీద సగమైన చీర చూసింది. ఎర్ర నేల మీద తెల్ల చిలుకలు. రాత్రి అంచు కలవక రెండుసార్లు విప్పి నేసిన చీర.

ఇన్నేళ్ళలో ఆ గుంటలోంచి ఆమె లేచింది పండుగలకు, చావులకు, ఒకసారి మోకాలు వాచినందుకు. ప్రమోద్ ఫీజు కట్టిన ఏడు, ప్రమోద్ పెండ్లి ఏడు, ఈ మగ్గం మీదనే.

ఆమె వాకిట్లోకి పోయి భర్త ఎదుట నిలబడింది.

"ఏమయ్యా. నేను కండెలు చుట్టిన్నా?"

గండయ్య చేతులు ఆగాయి.

"అడుగుతున్న. ఏడేండ్లు నేను వాని ఎనుక కూసోని కండెలు చుట్టిన్నా?"

వీధిలో ఎవరో మోటారు సైకిలు నడుపుకుంటూ పోయారు. గండయ్య ఆ చప్పుడు పోయేదాకా ఆగాడు.  రబ్బరు పట్టీలు డబ్బాలో వేశాడు. లేచి కొయ్యకు ఉన్న అంగీ తొడుక్కున్నాడు. ఆమె చేతిలోంచి కార్డు తీసుకొని జేబులో పెట్టుకొని వీధిలోకి పోయాడు.

"ఏడికి?" అంది సావిత్రమ్మ.

అప్పటికే మలుపు తిరిగాడు.

ఆ పగలు రెండు మగ్గాలూ మోగలేదు. పక్కింటి శ్యామలమ్మ వచ్చి, ఎవరికన్నా బాగలేదా అని అడిగి పోయింది.

*

మూడు గంటలకు గండయ్య తిరిగి వచ్చాడు. వెంట చేనేత సొసైటీ లింగస్వామి ఉన్నాడు. లింగస్వామి చేతిలో ఒక కాగితం, చంకలో రిజిస్టరు.

"వదినె, మగ్గమెక్కి నాలుగు పోగులు నెయ్యి," అన్నాడు లింగస్వామి చెప్పులు విడుస్తూ. "నేను కండ్లతోని చూసినట్టు రాయాలె."

"ఏడేండ్ల సంది కండ్లు మూసుకున్నవా లింగస్వామీ? నువ్వు నూలు ఇచ్చి పొయ్యేటప్పుడు గీ గుంటల కూసున్నదెవలు?"

"నాకు తెలుసు వదినె. కాయితానికి తెల్వదు గద."

సావిత్రమ్మ గుంటలోకి దిగింది. నాడె విసిరింది. నాలుగు పోగులంటే నాలుగు పోగులు కాదు, ఒక చిలుక ముక్కు పూర్తయ్యేదాకా నేసింది. లింగస్వామి చాలు అన్నా ఆగలేదు. అంచు కలిసిందో లేదో వేలితో చూసుకొని అప్పుడు ఆగింది.

లింగస్వామి ఫొటో తీసుకున్నాడు. కాగితం స్టూలు మీద పరిచాడు.

అందులో రాసింది కొంచెమే. రెండో మగ్గం మొదటి నుంచి నా భార్య సావిత్రమ్మ నేస్తున్నది. కొడుకు పేరు చెప్పింది నేను. నా కొడుకు నేసింది లేదు. కింద మూడు సంతకాలకు మూడు గీతలు.

"గండన్నా, మళ్ళ ఒకసారి చెప్తున్న," అన్నాడు లింగస్వామి. "గిది మీదికి పోతే విచారణ పెట్టొచ్చు, పెట్టకపోవచ్చు. నంబరు తీసేస్తే వదినె పేరు మీద మళ్ళ ఎప్పుడిస్తరో నేను చెప్పలేను. అందాక రాయితీ నూలు రాదు. తెలిసే చేస్తున్నవా?"

"ఊఁ," అన్నాడు గండయ్య.

పెన్ను తీసుకొని సంతకం పెట్టాడు. ఆయన సంతకం పెట్టడం ఇంట్లో వాళ్ళు చూడక చాలా రోజులైంది. ఒక్కో అక్షరానికీ ఒక ముడి వేసినంతసేపు పట్టింది.

సావిత్రమ్మ తన గీత మీద రాసింది. రాసి, కాగితం కొంచెం దూరం పెట్టి చూసుకుంది.

"పిలగాని సంతకం కావాలె," అన్నాడు లింగస్వామి. "అది లేకుంటే గిది చెల్లదు. శుక్రవారం పగటికి నేను మీదికి పంపుత. అందాక నీ దగ్గర్నే ఉంచు."

లింగస్వామి గడప దాటుతుంటే ప్రమోద్ ఎదురయ్యాడు. ఇద్దరూ తలలూపుకున్నారు. ప్రమోద్ లోపలికి వచ్చి కాగితం నిలబడే చదివాడు. రెండోసారి చదివాడు.

"గిదేంది?"

ఉష మూడో గీత మీద వేలు పెట్టి చూపించింది.

"నేను నేసినట్టు దొంగ ఫొటో దిగిన అని నాతోనే రాపిస్తున్రా?"

"మీ నాయిన తన తప్పు రాసుకున్నడు," అంది ఉష. "నీది ఒక్క సంతకం."

"ఆస్ట్రేలియావోళ్ళు గిది చూస్తే ఏమనుకుంటరు? ముందు అబద్ధమాడిండు అనుకుంటరు."

"తెల్వంగనే సరిచేసుకున్నడు అనుకుంటరు."

"నీకెట్ల తెలుసు?"

"తెల్వదు," అంది ఉష. "కానీ దాసిపెట్టి పోతే, పీఆర్ వచ్చినంక గూడ తలుపు తట్టినప్పుడల్లా నాకు గుండె జారుతది. గట్ల నేను ఉండలేను."

ప్రమోద్ కాగితం స్టూలు మీద పడేశాడు. అది జారి కింద పడింది. గండయ్య వంగి తీసి మళ్ళీ పెట్టాడు.

"అసలు సంగతి గది కాదు," అన్నాడు ప్రమోద్. గొంతు తగ్గింది. "నేను చెప్పాల్నా? నీ ఫారంల నన్నేమని రాస్తరో తెలుసా? ఆధారపడ్డోడు. ఇరవై రెండేండ్లకు ఉద్యోగమెక్కిన నేను, ఆధారపడ్డోడిని."

"నీ ఫారంల నన్ను గూడ గదే అని రాసిన్రు. పోయిన ఏడు నువ్వే నింపినవ్. నా పేరు ముంగట ఆ మాట కొట్టి, జర చాయ్ పెట్టు అన్నవ్. పెట్టి ఇచ్చిన."

ప్రమోద్ ఆమె వైపు చూశాడు. ఆ రోజు అతనికి నిజంగానే గుర్తు లేదు. చాయ్ గుర్తు లేదు, మాట గుర్తు లేదు.

"అమ్మా, నువ్వన్న చెప్పు. పొద్దుగాల నువ్వేగద మర్యాద అన్నవ్."

సావిత్రమ్మ మగ్గం గుంట అంచున కూర్చొని ఉంది.

"పొద్దుగాల అన్న," అంది. "పొద్దుగాల నేను గా కార్డు ఎనుక దిక్కు సదవలే."

"అంటే?"

"నా పని నీ పేరు మీద పోయింది బిడ్డా. కొడుకే గద అని ఊకున్న. నాకు తెల్వక ఊకున్న. గా పిల్లకు తెలుసు. తెలిసి ఊకుండమంటే ఎట్లుంటది?"

ప్రమోద్ బ్యాగు సర్దుకున్నాడు. రెండు చొక్కాలు, ఛార్జరు. తన సొంత ల్యాప్‌టాప్ ముందు బ్యాగులో పెట్టాడు, మళ్ళీ తీసి ఉష మంచం మీద పెట్టాడు. "నాకు ఆఫీసుది ఉన్నది," అన్నాడు ఎవరూ అడగకుండానే.

"అన్నం?" అంది తల్లి.

"రేపు ఆఫీసుకు పోవాలె. రూములనే తింట."

ఐదు గంటల బస్సుకు పోయాడు. కాగితం స్టూలు మీదనే ఉంది. మూడో గీత ఖాళీగా ఉంది. ఫ్యాను గాలికి ఎగురుతుంటే గండయ్య దాని మీద నాడె పెట్టాడు.

*

దీపాలు పెట్టే వేళకు ఉష ల్యాప్‌టాప్ తెరిచింది.

అత్త పక్కన వచ్చి కూర్చుంది. మామ గడప దగ్గర కూర్చున్నాడు, వీధి వైపు ముఖం పెట్టి.

ఉష తన పేరు కొట్టింది. పాస్‌వర్డ్ కొట్టింది. తెర మీద ఒక ఖాళీ డబ్బా వచ్చింది. మెయిల్‌కు కోడు పంపినం, అది ఇక్కడ కొట్టండి అని ఇంగ్లీషులో ఉంది.

ఉష చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఏమాయె?" అంది సావిత్రమ్మ.

"కోడు ఆయన ఫోన్‌కు పోయింది."

"నీది ఆయనకెందుకు పోతది?"

"మొదాల అన్నీ ఆయన్నే చేసిండు. మెయిల్ ఆయనదే పెట్టిండు. అప్పుడు నేను పట్టించుకోలే."

ఉష ఫోను చేసింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేసింది. ఈసారి మధ్యలోనే కట్టయింది. తెర మీద కోడుకు సమయం అయిపోయిందని వచ్చింది. ఇంకొకటి పంపమని నొక్కింది.

సావిత్రమ్మ కొంగు ముడిలోంచి తన చిన్న ఫోను తీసింది. ఒకటే బటను నొక్కింది. కొడుకు నంబరు ఆ ఒక్క బటను మీదనే ఉంటుంది.

రెండో మోతకే ఎత్తాడు.

"అమ్మా. చౌటుప్పల్ దాటినం. ట్రాఫిక్ ఉన్నది."

"నీ ఫోన్ల ఏదో నంబరు వచ్చిందట. సదువు."

బస్సు హారను వినిపించింది. ఎవరో చిల్లర అడుగుతున్నారు.

"అమ్మా, నీకు తెల్వదు. గది కొడితే ఇగ నా అర్జీ ముచ్చట పక్కకు పోతది."

"నాకు తెల్వదు," అంది సావిత్రమ్మ. "నాకు తెలిసింది ఒక్కటే. గది గా పిల్ల పేరు మీద వచ్చింది. నీ ఫోన్ల ఉన్నది. సదువు."

గడప దగ్గర గండయ్య కదిలాడు. మెడ లోపలి వైపు తిప్పాడు.

బస్సు మళ్ళీ హారను కొట్టింది. ఉష తెర చూస్తోంది. ఈ కోడు కూడా పోతుందేమోనని ఆమె కాలి వేళ్ళు నేల మీద కదులుతున్నాయి.

"ఏడు," అన్నాడు ప్రమోద్.

ఉష కొట్టింది.

"సున్నా. సున్నా. నాలుగు."

ఆగాడు. తల్లి ఫోను ఉష చెవికి దగ్గరగా పట్టుకుంది.

"ఒకటి. తొమ్మిది."

డబ్బా నిండింది. తెర ఒకసారి తెల్లగా అయింది. తర్వాత దరఖాస్తు తెరుచుకుంది. పైన ఉష పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. సావిత్రమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా, "గిది నీ పేరేనా?" అని అడిగింది.

"నాదే అత్తమ్మా."

ఉష ఒక్కో పేజీ నింపుతూ పోయింది. పుట్టిన ఊరు, అమ్మమ్మ వాళ్ళ తిరుమలగిరి. పాస్‌పోర్టు నంబరు. చదువు. ఫోను ఇంకా ఆగలేదు. ప్రమోద్ కట్ చేయలేదు. సావిత్రమ్మ దాన్ని మంచం మీద పెట్టింది. అందులోంచి బస్సు చప్పుడు వస్తూనే ఉంది.

నాలుగో పేజీలో భర్త వివరాలు. ఉష పేరు కొట్టింది. పుట్టిన తేదీ కొట్టింది. కింద ఒక ప్రశ్న ఉంది. ఈ వ్యక్తి మీతో పాటు వలస వస్తున్నాడా?

ఎదురుగా రెండు చిన్న గుండ్రాలు. ఒకటి అవునుకు, ఒకటి కాదుకు.

అవును నొక్కితే అతని పదేళ్ళూ రాయాలి. నాడె కింది కాగితం మీద మూడో గీత నిండాలి. శుక్రవారం పగటి లోపల నిండాలి. నిండకపోతే ఆమె నింపినదంతా అతని ఏడేళ్ళ కింద పడి పోతుంది. కాదు నొక్కితే అవేమీ అక్కర లేకపోవచ్చు, ఆమె ఒక్కతే పోవచ్చు.

ఇన్ని రోజులు కొట్లాడుకున్నారు గాని, ఈ ప్రశ్న ఉంటుందని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు.

"ఓపెనైందా?" అన్నాడు ప్రమోద్ మంచం మీది నుంచి.

"అయింది."

"ఏమడుగుతాంది?"

సావిత్రమ్మ కోడలి ముఖం చూసింది. గడప దగ్గర గండయ్య లేచి నిలబడ్డాడు. స్టూలు దగ్గరికి వచ్చి, నాడె తీసి, కాగితం చేతిలోకి తీసుకున్నాడు. తలుపు వెనుక ఉన్న టవలు భుజాన వేసుకున్నాడు.

"పట్నంకు ఆఖరి బస్సు ఎప్పుడు?" అని భార్యను అడిగాడు.

"ఉషా," అన్నాడు ప్రమోద్. "ఏమడుగుతాందే?"

ఉష వేలు రెండు గుండ్రాల నడుమ ఆగి ఉంది. ఆమె మామ చేతిలోని కాగితం చూసింది. ఫోను చూసింది. తెర మీది ప్రశ్న మళ్ళీ మొదటి నుంచి చదివింది.